దించిన తీగ

చూపుడు వేలు గిటారు ఒకటో మెట్టు మీద. ఉంగరం వేలు మూడో మెట్టు మీద. ఇక చిటికెన వేలు అయిదో మెట్టు దాకా పాకి అక్కడ రెండు తీగల్ని ఒక్కసారే అదమాలి. పెద్దోడు ఊపిరి బిగబట్టి వేలు సాగదీశాడు. అరచేతి అంచు నుంచి మోచేతి దాకా నరం జివ్వున లాగింది. రోజూ లాగేదే. లాగినప్పుడల్లా ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది. ఆ ఒంటికన్ను ముఖంతోనే తీగల్ని మీటాడు.

గిటారు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మోగింది.

"అయిందా పిల్లి గొంతు పిసకడం?" వంటింట్లోంచి భార్య అడిగింది. "అయితే వచ్చి టీ తాగు. మళ్ళీ చల్లారిపోయిందని నా మీద పడతావు."

"వస్తున్నా."

అతన్ని ఆసుపత్రి లాండ్రీలో అందరూ పెద్దోడు అంటారు. అక్కడే పనిచేసే తమ్ముడు చిన్నోడు. పెద్దోడి జుట్టు తెల్లబడింది. చిన్నోడికి తెల్లబడటానికి జుట్టే మిగల్లేదు. అయినా పిలుపులు మాత్రం మారలేదు.

రోజూ పనికి వెళ్ళేముందు పెద్దోడు ఈ కిటికీ పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆ ఒక్క కార్డ్ ఒక్కసారి వాయిస్తాడు. పాటంతా కాదు. ఒక్క కార్డ్, నాలుగు తీగలు కలిసి ఒక్కసారే పలికే మోత. అదొక పాత రాక్ పాటలోది. వయసులో ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ క్యాసెట్ అరిగేదాకా విన్న పాట. రెండో వరస చివర, గాయకుడు ఊపిరి తీసుకునే సందులో, గిటారు ఒక్క దెబ్బకి నాలుగు స్వరాలు పలికిస్తుంది. వంతెన మీద నిలబడ్డప్పుడు కింద లారీ వెళ్తే అరికాళ్ళకి తెలుస్తుందే, అలాంటి మోత. ఆ నాలుగు స్వరాలేమిటో పెద్దోడి చెవి అప్పుడే పట్టేసింది. వాటిని ఏ తీగ మీద, ఏ మెట్టు దగ్గర, ఏ వేలితో నొక్కాలన్నది మాత్రం తేలడానికి వారాలు పట్టింది. తేలిన పద్ధతి ఇదే. చెయ్యి చీలిపోయే పద్ధతి.

కానీ ఇవాళ మోత మరీ అన్యాయంగా ఉంది. ఒక్కో తీగనీ విడిగా మీటి చూశాడు. దొంగ దొరికింది. ఆరో తీగ, అన్నిటికన్నా లావుది, రాత్రికి రాత్రి జారి ఒక స్వరం కిందకి దిగిపోయింది. దాన్ని బిగించే బిరడా అరిగిపోయి చాలా రోజులైంది.

బిగించాలి. కానీ టీ చల్లారిపోతోంది. ఏమాత్రం దిగిందో చూద్దామని, పోయిన స్వరం కోసం ఆ వదులు తీగ మీదే వేలు పైకి జరుపుతూ వెళ్ళాడు. ఒకటో మెట్టు దగ్గర ఉండాల్సింది మూడో మెట్టు దగ్గర దొరికింది.

అక్కడ ఆగాడు.

పక్కన అయిదో తీగ మీద నొక్కాల్సింది కూడా మూడో మెట్టే. అంటే చూపుడు వేలు బల్లపరుపుగా వాలిస్తే రెండు తీగలూ ఒకే వేలి కింద పడతాయి. మిగిలిన రెండు తీగలు రెండు మెట్ల పైన. అక్కడికి చిటికెన వేలు అక్కర్లేదు. ఉంగరం వేలు వాలిస్తే చాలు.

వాల్చాడు. మీటాడు.

వంతెన కింద లారీ వెళ్ళింది.

పెద్దోడు తీగల మీద అరచెయ్యి వేసి మోత ఆపేశాడు, ఎవరైనా వింటారేమో అన్నట్టు. తర్వాత మెల్లగా ఆరో తీగని ఏమీ నొక్కకుండా ఊరికే మీటాడు. పాట మొదట్లో, డ్రమ్స్ అందుకోకముందు, గుర్రుమని ఒక మోత ఉంటుంది. అంత కింది స్వరం మామూలు గిటారుకి లేదు కాబట్టి అది బేస్ గిటారు వాడి పని అని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అదీ ఇక్కడే ఉంది, ఈ వదులు తీగలో.

ఇక అనుమానం లేదు. ఆ పాట వాయించినవాడు ఆరో తీగ దించుకుని వాయించాడు. రెండు వేళ్ళతో, సుఖంగా, బహుశా పక్కవాడితో కబుర్లు చెబుతూ.

పెద్దోడు తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. చిటికెన వేలు పనేమీ లేక గాల్లో నిలబడి ఉంది.

ఇన్నేళ్ళ చిక్కుముడి విడిపోతే మనిషి ఎగిరి గంతెయ్యాలి. పెద్దోడు లేచాడు. గిటారు మూల నిలబెట్టి, చల్లారిన టీ ఒక్క గుక్కలో మింగి, చెప్పులేసుకున్నాడు.

"ఏంటలా ఉన్నావు?" అంది భార్య. "తమ్ముడు వెళ్ళిపోతున్నాడనా? మధ్యాహ్నం కదా బస్సు. తొందరగా రా. వాళ్ళకి పెద్ద సూట్‌కేసు ఇస్తానన్నాను, అటక మీంచి నువ్వే దింపాలి."

అతను తలూపి బయటపడ్డాడు.

* * *

లాండ్రీ ఆసుపత్రి వెనకవైపు, బాయిలర్ గదిని ఆనుకుని ఉంటుంది. అక్కడ ఏ కాలమైనా ఒకటే కాలం. ఒకవైపు పెద్ద పెద్ద యంత్రాల్లో దుప్పట్లు తిరుగుతుంటాయి. ఇంకోవైపు, మంచమంత వెడల్పున్న ఇస్త్రీ రోలరు తడి దుప్పటిని ఇటు మింగి పొడి దుప్పటిని అటు కక్కుతుంది. కక్కిన దుప్పటిని ఇద్దరు మనుషులు చెరో రెండు మూలలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి, మూలలు కలిపి మడతపెడతారు. ఆ ఇద్దరూ అన్నదమ్ములే. పెద్దోడు ఎప్పుడూ గోడవైపు, చిన్నోడు తలుపువైపు.

"ఇవాళ్టితో ఈ జంట విడిపోతోందన్నమాట," అంది రేడియో అక్క, రోలరు ముందు తడి దుప్పటి పరుస్తూ. ఆవిడకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక పూట అక్కడ నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. "మొగుడూ పెళ్ళాలైనా ఇన్నేళ్ళు ఎదురుబొదురుగా నిలబడరమ్మా. రేపట్నుంచి పెద్దోడు దుప్పటికి ఒక కొస గోడకి కట్టుకోవాలి."

"గోడే నయం అక్కా," అన్నాడు చిన్నోడు. "ఎంత తిట్టినా పడుంటుంది."

"నువ్వు పడలేదా?"

"పడ్డాను కాబట్టే చెప్తున్నా. కొత్త గోడకి అలవాటవడానికి టైం పడుతుంది."

రేడియో అక్క నవ్వింది. చిన్నోడూ నవ్వాడు. అతని బావమరిది వేరే ఊళ్ళో బస్టాండు పక్కన లాడ్జి కట్టాడు. గదులు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలన్నాడు. ఆవిరి లేదు, మోతలు లేవు, కుర్చీలో కూర్చునే పని. నెల రోజుల నుంచీ చిన్నోడి ముఖంలో ఆ కుర్చీ కనబడుతూనే ఉంది.

పెద్దోడు మాత్రం ముఖం చూడలేదు. చెయ్యి చూశాడు.

చిన్నోడు ఎడమచేత్తో దుప్పటి మూల పట్టుకునేది మూడు వేళ్ళతో, బొటనవేలితో. చిటికెన వేలు మధ్యకి విరిగినట్టు వంగి అరచేతిలోకి ముడుచుకుని ఉంటుంది, ఎవరికీ కనబడకుండా ఏదో దాచుకున్నట్టు. దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని తీసినా పూర్తిగా రాదు. వదిలితే మళ్ళీ ముడుచుకుపోతుంది.

దుప్పటి వచ్చింది. విదిలించారు. నడిచి దగ్గరికొచ్చారు. మూలలు కలిశాయి. ఇద్దరి ముఖాల మధ్యా జానెడు దూరం.

"ఒరేయ్," అన్నాడు పెద్దోడు.

"ఏంటన్నయ్యా?"

"మూల సరిగ్గా పట్టుకో."

"అదిగో," అన్నాడు చిన్నోడు రేడియో అక్క వైపు తిరిగి. "గోడకి చెప్పండి, సిద్ధంగా ఉండమని."

మళ్ళీ దుప్పటి వచ్చింది. మళ్ళీ విదిలించారు.

ఆ వేలు అలా అయింది ఒక ఆదివారం ముందు రోజు. అప్పుడు వాళ్ళిద్దరూ అమ్మతో కలిసి ఇరుకు వీధిలో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. గిటారు కొన్నది పెద్దోడే. చెవి పెద్దోడిది, కానీ చెయ్యి చిన్నోడిది. అన్న విని చెబితే తమ్ముడు వాయించేవాడు. ఊళ్ళో పెద్ద హోటల్లో సాయంత్రాలు పాటలు వాయించే బృందంలో గిటారుకి చోటు ఖాళీ అయింది. ఆ బృందం నడిపే ఆయన చిన్నోడి చెయ్యి విన్నాడు, మెచ్చుకున్నాడు. ఆ రాక్ పాట పేరు చెప్పి, "క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టు వాయించుకుని ఆదివారం రా. నీదే చోటు," అన్నాడు.

పాటంతా వచ్చింది. ఆ ఒక్క కార్డ్ రాలేదు. పెద్దోడు కనిపెట్టిన పద్ధతికి చిన్నోడి వేలు అందలేదు. రోజంతా ప్రయత్నించి వేలు వాచింది.

అప్పుడు చిన్నోడు ఒక మాట అన్నాడు. ఆ మాటే ఈ పొద్దుట్నుంచి పెద్దోడి చెవిలో రోలరు కన్నా గట్టిగా తిరుగుతోంది.

"అన్నయ్యా, వాడు ఆరో తీగ దించి వాయిస్తున్నాడేమో. ఒకసారి దించి చూద్దామా?"

పెద్దోడు ఎగతాళిగా నవ్వాడు. "తీగ దించుకునేది చేతకానివాళ్ళురా. చేతనైనవాడు వేలు సాగదీస్తాడు."

దించి చూడటానికి నిమిషం పట్టదు. బిరడా నాలుగు తిప్పులు తిప్పడం, అంతే. కానీ తమ్ముడు చెప్పింది విని దించితే, చెవి కూడా తమ్ముడిదే అయిపోతుంది. ఇక అన్నకి ఏం మిగులుతుంది? ఆ సంగతి ఆ రోజు పెద్దోడికి ఇంత స్పష్టంగా తెలియదు. తెలిసిందల్లా కోపం. తమ్ముడి వెనక నిలబడి, వాచిన ఆ వేలిని తన రెండు వేళ్ళతో పట్టుకుని, వంచి, అయిదో మెట్టు మీదకి బలంగా నొక్కాడు.

టక్ మంది.

తీగ తెగిందనుకున్నాడు. చూస్తే ఆరు తీగలూ ఉన్నాయి.

"ఏమైందిరా?" అని అమ్మ పరిగెత్తుకొస్తే, పెద్దోడు నోరు తెరిచేలోపే చిన్నోడు, "సైకిల్ మీంచి పడ్డానమ్మా," అన్నాడు. సైకిల్ వాళ్ళది కాదు. పక్కింటావిడది, అప్పుడప్పుడు అడిగి తెచ్చుకునేది. అమ్మ వెళ్ళి ఆవిడతో, బ్రేకులు లేని సైకిల్ పిల్లల చేతికి ఇస్తావా అని పోట్లాట పెట్టుకుంది. ఆవిడ అది తన తప్పే కాబోలనుకుని ఏడ్చింది. పెద్దోడు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఒక్క మాట అనలేదు. అమ్మ తను పోయేదాకా ఆ పక్కింటావిడ మొహం చూడలేదు.

డాక్టరు వేలి పైనున్న నరం తెగిందన్నాడు, ముందే తేవాల్సింది అన్నాడు. హోటల్ చోటు ఇంకెవరికో పోయింది. కొన్ని నెలలకి, తను పనిచేసే లాండ్రీలోనే తమ్ముణ్ణి పెట్టించాడు పెద్దోడు. తమ్ముణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకున్నాడని అందరూ మెచ్చుకున్నారు.

ఆ రోజు తర్వాత చిన్నోడు గిటారు ముట్టుకోలేదు. పెద్దోడు మానలేదు. ఎందుకు మానలేదో భార్యకి కూడా చెప్పలేదు. ఆ సాగదీత నిజమైనదైతే, ఆ కార్డ్ నిజంగా అలాగే పలుకుతుందని ఒక్కరోజు తేలితే, తమ్ముడి వేలు ఒక కష్టమైన పని మీద పోయినట్టు లెక్క. కష్టమైన పనుల్లో దెబ్బలు తగులుతాయి. తప్పు పనిది అవుతుంది. అందుకే రోజూ ఆ ఒక్కసారి తన వేలు కూడా అక్కడిదాకా లాగేవాడు, అదే శిక్ష, అదే సాక్ష్యం అన్నట్టు.

ఇవాళ్టితో ఆ సాక్ష్యం పోయింది.

"అన్నయ్యా, దుప్పటి."

కళ్ళెత్తాడు. చిన్నోడు రెండు మూలలూ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పెద్దోడు తన మూలలు అందుకున్నాడు. నడిచారు, కలిశారు, విడిపోయారు. ప్రతిసారీ జానెడు దూరం దాకా వచ్చి మాట వెనక్కి పోయింది.

మూటలన్నీ అయ్యేసరికి పెద్దోడు ఒక నిర్ణయానికొచ్చాడు. చెప్పడు. ఎవరికి లాభం? మనిషి కొత్త పనికి సంతోషంగా వెళ్తున్నాడు. వెళ్ళేవాడి నెత్తిన ఈ బరువు ఎందుకు పెట్టాలి? తన గుండె బరువు దించుకోవడానికి తప్ప. ఈ తర్కంలో ఎక్కడా లొసుగు కనబడలేదు. కనబడకపోవడమే అతనికి నచ్చలేదు.

మధ్యాహ్నం గంట మోగింది. చిన్నోడు పని చూసే మేస్త్రీకి, మిగతావాళ్ళకి చెప్పి వస్తానన్నాడు. పెద్దోడు ముందు బయల్దేరాడు. రోడ్డు దాటాక గుర్తొచ్చింది.

తీగ ఇంకా దిగే ఉంది.

ముట్టుకోని మనిషి ఇవాళ మాత్రం ఎందుకు ముట్టుకుంటాడు? ముట్టుకోడు. అయినా పెద్దోడి కాళ్ళు వేగం అందుకున్నాయి.

* * *

ఇంటి ముందు గదిలో చిన్నోడి భార్య సంచుల మధ్య కూర్చుని ఉంది. "వచ్చారా బావగారూ," అంటూ లేవబోయింది. కూర్చోమని చెయ్యి ఊపి నేరుగా కిటికీ గదిలోకి నడిచాడు. గిటారు మెడ పట్టుకున్నాడు. బిరడా మీద వేళ్ళు వేశాడు.

"ఏమయ్యా, ఇటు రా." భార్య అటక కింద కుర్చీ వేసి నిలబడి ఉంది. "సూట్‌కేసు దింపమని పొద్దున్నే చెప్పానా లేదా? వచ్చీ రాగానే ఆ డొక్కు వాయిద్యమేనా?"

"ఒక్క నిమిషం."

"నీ నిమిషాలు నాకు తెలుసు. బట్టలన్నీ మళ్ళీ సర్దుకోవాలి వాళ్ళు."

గిటారు గోడకి ఆనించి వెళ్ళాడు. సూట్‌కేసు మీద సూట్‌కేసు, దాని మీద పాత పరుపు. అన్నీ దింపి, దుమ్ము దులిపి, తాళం పట్టక చమురు వేసి, అది పట్టేసరికి గుమ్మంలో చిన్నోడి గొంతు వినబడింది.

భోజనాలు అయ్యాయి. పెద్దోడి భార్య వడ్డిస్తూనే ఉంది, చిన్నోడు వద్దంటూనే తిన్నాడు. "లాడ్జిలో ఎవరు పెడతారు ఇలా కొసరి కొసరి? మీ అన్నయ్య దగ్గర ఇన్నేళ్ళు ఉండి నువ్వు నేర్చుకున్నది ఒక్కటే, మొహమాటం," అంది ఆవిడ.

"అన్నయ్య దగ్గర నేర్చుకున్నవి చాలా ఉన్నాయి వదినా. దుప్పటి మూలలు పట్టుకోవడం..."

అందరూ నవ్వారు. పెద్దోడు మంచినీళ్ళు తాగాడు. చెయ్యి కడుక్కోవడానికి అతను పెరట్లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి ముందు గదిలో చిన్నోడు లేడు.

గిటారు మోగింది. ఏమీ నొక్కకుండా, ఆరు తీగలూ ఒక వరసలో, మెల్లగా.

పెద్దోడు గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చిన్నోడు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. గిటారు ఒళ్ళో పెట్టుకున్న తీరు ఏమీ మారలేదు. అన్నని చూసి కొంచెం సిగ్గుపడ్డాడు.

"వెళ్తున్నాను కదా అని ఊరికే తీశాను," అన్నాడు. "ఆరోది దిగిపోయిందేంటన్నయ్యా?"

"బిరడా అరిగింది. జారిపోతోంది. ఇలా ఇవ్వు, బిగిస్తాను."

చెయ్యి చాచాడు. చిన్నోడు ఇవ్వలేదు. ఆ లావు తీగని బొటనవేలితో ఇంకోసారి మీటాడు. గుర్రుమంది. చిన్నోడి తల పక్కకి వాలింది.

తర్వాత ఎడమచెయ్యి గిటారు మెడ మీదకి వెళ్ళింది. చూపుడు వేలు మూడో మెట్టు మీద వాలింది. ఉంగరం వేలు అయిదో మెట్టు మీద వాలింది. ముడుచుకున్న చిటికెన వేలు ఎవరికీ అడ్డం రాకుండా అరచేతిలో తన మానాన తను ఉంది.

ఆ వేళ్ళు వెతుక్కోలేదు. అది పెద్దోడు స్పష్టంగా చూశాడు.

కార్డ్ మోగింది. గది కిటికీ అద్దం సన్నగా అదిరింది.

"ఎన్నిసార్లు అనుకున్నానో," అన్నాడు చిన్నోడు, గిటారుతో చెబుతున్నట్టు. "పడుకున్నప్పుడు, బస్సులో. ఇలా దించితే ఇక్కడ పడుతుంది, ఇలా వాల్చితే సరిపోతుంది అని. వాయించి చూద్దామంటే మాత్రం ఈ గదిలోకి అడుగు పడేది కాదు."

మళ్ళీ మీటాడు. మళ్ళీ. అప్పుడు తలెత్తాడు.

"నీకు తెలుసు."

అది ప్రశ్న కాదు. పెద్దోడి ముఖమే జవాబు చెప్పేసి ఉంటుంది.

"ఎప్పట్నుంచి?"

"ఈ పొద్దున్నుంచే. జారి దిగింది. నేను దించలేదు."

"నువ్వు దించవు. అది నాకు తెలుసు." చిన్నోడు తీగల మీద అరచెయ్యి వేశాడు. మోత ఆగింది. "పొద్దుట్నుంచి దుప్పట్లు మడతపెడుతున్నాం కదా అన్నయ్యా. ఎన్నిసార్లు దగ్గరికొచ్చాను నీకు."

పెద్దోడు గుమ్మం చెక్క పట్టుకున్నాడు.

"నేను వెళ్ళాక ఫోన్‌లో చెబుదామనుకున్నావా? అసలు చెప్పొద్దనుకున్నావా?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం సరిపోతుంది. ఫోన్‌లో చెబుదామనుకున్నాను అంటే చాలు. బస్సుకి ఇంకా కొంచెం టైముంది, ఆ మాట మీద ఇద్దరూ భుజాలు తట్టుకుని విడిపోవచ్చు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"చెప్పొద్దనే అనుకున్నాను," అన్నాడు పెద్దోడు.

చిన్నోడు తలూపాడు. కోపం వస్తుందని పెద్దోడు ఎదురుచూశాడు. రాలేదు. ఏడుపూ రాలేదు. బరువు ఎంతుందో చూసేవాడిలా గిటారుని రెండు చేతులతో ఎత్తి, మూల నిలబెట్టాడు.

"తీసుకెళ్ళరా," అన్నాడు పెద్దోడు. "నీదే అది. రెండు వేళ్ళు చాలు కదా. అక్కడ కుర్చీలో కూర్చునే పనేగా. తీసుకెళ్ళు."

"బస్సులో చోటు లేదన్నయ్యా."

బస్సులో చోటు ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

గుమ్మం దాకా వచ్చి చిన్నోడు ఆగాడు. అన్న పక్కన నిలబడ్డాడు గానీ అన్న వైపు చూడలేదు.

"ఒక్కటి అడుగుతాను. చేస్తావా?"

"చెప్పు."

"ఎవరైనా ఈ వేలు సంగతి అడిగితే ఇంక సైకిల్ అనకు. నేనూ అనను. ఆ పక్కింటావిడ మన అమ్మ పోయినప్పుడు కూడా గుమ్మం బయటే నిలబడి వెళ్ళిపోయింది. నాకు ఈ వేలు కంటే అది ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆ అబద్ధం నాది. నువ్వు దాన్ని అలాగే ఉంచేశావు."

"ఏమండీ, బస్సు," అని బయట్నుంచి చిన్నోడి భార్య పిలిచింది.

వీధి చివర బస్సు ఆగింది. సూట్‌కేసు పెద్దోడే మోసుకెళ్ళి పైన పెట్టించాడు. పెద్దోడి భార్య కళ్ళు తుడుచుకుని, తుడుచుకున్నట్టు కనబడకుండా ఉండటానికి తోడికోడలి కొంగు సర్దింది. "వెళ్ళొస్తాం బావగారూ," అంది చిన్నోడి భార్య.

చిన్నోడు కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఆ బిరడా మార్పించు," అన్నాడు.

"మార్పిస్తాను."

"లేకపోతే అలాగే ఉంచు. దిగే ఉండనీ."

బస్సు కదిలింది. చిన్నోడు చెయ్యి ఊపాడు. ఎడమ చెయ్యి. మలుపు తిరిగాక రోడ్డు మీద కాసేపు దుమ్ము నిలబడింది, తర్వాత అదీ కూర్చుంది.

* * *

సగం పూట సెలవు చిన్నోడిది. పెద్దోడిది కాదు. లాండ్రీకి తిరిగొచ్చేసరికి రోలరు దగ్గర దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. కొత్త మనిషి రేపు వస్తాడట. మేస్త్రీ అంతదాకా రేడియో అక్కని అటు నిలబెట్టాడు, తలుపువైపు.

ఆవిడ చేతులు వేరు. విదిలింపు తొందరగా విదిలిస్తుంది, అడుగు ముందే వేస్తుంది. మూలలు కలవాల్సిన చోట కలవలేదు. పెద్దోడు మూల సరిగ్గా పట్టుకోమని కూడా అనలేదు. అనకపోవడం చూసి ఆవిడే కాసేపు మాట ఆపింది. అంతకన్నా పెద్ద ఓదార్పు ఆవిడ దగ్గర లేదు.

"ఇదిగో, మీ తమ్ముడి కొక్కెం ఖాళీ చెయ్యి," అని మేస్త్రీ దూరం నుంచి కేకేశాడు. "రేపొచ్చేవాడికి కావాలి."

తలుపు వెనక గోడకి వరసగా కొక్కేలు. చిన్నోడి కొక్కేనికి ఒకే ఒక్క వస్తువు వేలాడుతోంది. రోలరు బిగుసుకుపోయి లోపల దుప్పటి ఇరుక్కున్నప్పుడు చెయ్యి పెట్టి లాగడానికి వేసుకునే మందపాటి చేతొడుగు. ఎడమ చేతిది. తీసుకెళ్ళాల్సిన వస్తువేం కాదు. లాడ్జిలో దాంతో పనిలేదు.

పెద్దోడు దాన్ని కొక్కెం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ దాన్ని చేతికి ఉండగా చూడటమే గానీ ఇలా ఖాళీగా చూడలేదు.

రేడియో అక్క అతని భుజం మీంచి తొంగి చూసింది. "పాపం," అంది. "ఎంత కష్టపడ్డాడో ఆ చేత్తో. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డాడట కదా?"

ఆవిడ చేతిలో వెచ్చటి దుప్పటి మూల ఉంది. వెనక రోలరు తిరుగుతోంది. ఎవరూ ప్రత్యేకంగా వినడం లేదు. ఆవిడ కూడా జవాబు కోసం అడగలేదు, ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది.

"సైకిల్ కాదక్కా," అన్నాడు పెద్దోడు. "వాడు దేని మీంచీ పడలేదు. నేను పట్టుకుని విరిచాను."

ఆవిడ నోరు కొంచెం తెరుచుకుంది. మెల్లగా మూల వదిలేసింది. దుప్పటి ఆ వైపు నేల మీదకి జారింది. మేస్త్రీ ఏంటేంటని అడుగుతూ ఇటు నడిచొస్తున్నాడు. మళ్ళీ చెప్పాల్సి వస్తుంది, ఆయనకీ, ఆ తర్వాత ఆ ఇరుకు వీధిలో ముసలిదైపోయిన ఆ పక్కింటావిడకీ. పెద్దోడు అక్కడే నిలబడ్డాడు.

చేతొడుగుకి నాలుగు వేళ్ళూ కాలి, కమిలి, కొసలు నల్లబడి, లోపలున్న వేళ్ళ ఆకారానికే వంగి గట్టిపడ్డాయి. చిటికెన వేలు మాత్రం, కుట్టిన రోజు ఎలా ఉందో అలా, తెల్లగా, నిటారుగా ఉంది.